సబ్బాతును సాగనంపే వెండి

శనివారం పొద్దుగూకి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాయంటే యూదుల ఇంట్లో సబ్బాతు ముగిసినట్టే. శుక్రవారం సాయంత్రం మొదలైన ఆ విశ్రాంతి సుమారు 25 గంటలు. అంతసేపూ నిప్పు రాజెయ్యరు, పని ముట్టుకోరు. దాన్ని సాగనంపడానికి హవ్దాలా అనే చిన్న క్రతువు ఉంది. కావలసినవి మూడే: గిన్నెడు ద్రాక్షరసం, కాసిన్ని సుగంధ ద్రవ్యాలు, ఒకటికి మించి ఒత్తులున్న కొవ్వొత్తి.

ఎక్కడి యూదులు, ఎక్కడి మనం అనుకోనక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఒక సినగాగు ఉంది. యాకోబి కుటుంబం 1991లో దాన్ని నెలకొల్పింది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన ఆ తెలుగువాళ్లు తమది ఇశ్రాయేలు గోత్రాల్లోని ఎఫ్రాయిము వంశమని చెప్పుకుంటారు. బెనే ఎఫ్రాయిమ్ అనే పేరు అలా వచ్చింది. ఇజ్రాయెల్ మతపెద్దలు వాళ్లను ఇంకా గుర్తించలేదు. చాలామందివి రెక్కాడితే డొక్కాడే బతుకులు. అలాంటి ఇంట్లో ఈ క్రతువుకు వెండి సామాను తప్పనిసరా అంటే, అక్కర్లేదు. ధర్మం అడిగేది వస్తువునే గాని దాని ఖరీదును కాదు.

ద్రాక్షరసాన్ని అంచు దాటి పొర్లేలా పోస్తారు. గృహప్రవేశంలో మనం పాలు పొంగించినట్టే, రాబోయే వారమంతా ఇల్లు పొంగాలని. మద్యం ముట్టని ఇళ్లలో ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం చాలు, మహారాష్ట్రలోని బెనే ఇశ్రాయేలీలకు అది పాత అలవాటే. సబ్బాతునాడు మనిషికి తోడుగా మరో ఆత్మ వస్తుందని వాళ్ల నమ్మకం. అది వెళ్లిపోతుంటే ఉసూరుమనే ప్రాణం తేరుకోవడానికి సుగంధాన్ని వాసన చూస్తారు. కొవ్వొత్తి వెలిగించి, వేళ్లు ముడిచి, గోళ్ల మీద ఆ వెలుగు పడేలా చూసుకుంటారు. వెలుగును వాడుకోకుండా ఊరికే దీవెన చదవకూడదు మరి. చివర్లో పళ్లెంలో ఒలికిన రసంలోనే మంటను ఆర్పుతారు.

ఈ మూడింటిలో పనివాడి చేతికి పూర్తి స్వేచ్ఛ దొరికింది సుగంధ ద్రవ్యాలు పెట్టుకునే భరిణెలోనే. మొదట్లో యూరపు యూదులు మర్టిల్ అనే సువాసన మొక్క కొమ్మను వాసన చూసేవారు. 12వ శతాబ్దంలో జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌కు చెందిన రబ్బీ ఎఫ్రాయిమ్ మాత్రం గాజుపాత్రలో సుగంధ ద్రవ్యాలు పెట్టుకున్నాడు. తర్వాత లవంగాలు, దాల్చినచెక్క స్థిరపడ్డాయి. తమాషా ఏమిటంటే లవంగం కూడా మర్టిల్ కుటుంబపు చెట్టే. మన జామ, నేరేడు వాటికి చుట్టాలు.

భరిణె ఎలా ఉండాలో శాస్త్రం చెప్పలేదు. కాబట్టి కంసాలి తన ఊళ్లో చూసిందే చేశాడు. జర్మనీలో అది గోపురమైంది: కింద పీఠం, సన్నని కాడ, పైన కిటికీలున్న గది, బుల్లి తలుపు, కొసన జెండా. ఖరీదైన సుగంధాలను కోటబురుజుల్లో దాచేవారు గనక ఆ రూపమని కొందరు, చర్చి పాత్రల పోలిక అని ఇంకొందరు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. ఎందుకంటే చాలాచోట్ల యూదులను కంసాలి సంఘాల్లో చేర్చుకోలేదు, వాళ్ల భరిణెలను చేసిపెట్టింది క్రైస్తవ పనివాళ్లే. చెయ్యి తిరిగిన రూపం ఎక్కడికి పోతుంది? ఇంకోచోట చేప, పండు, గాలిమర, చివరికి రైలింజను కూడా వచ్చాయి.

వాటిలో మేలైనవి తీగపనివి. వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు కన్నాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతూ సన్నబరుస్తారు. రెండు తీగలను పేని చదును చేసి, చుట్లు చుట్టి చట్రంలో ఇరికిస్తారు. వెలిగారం చల్లి, టంకపు పొడి వేసి మంట ఊదుతారు. వేడి ఒక్క పిసరు ఎక్కువైతే తీగంతా ముద్దవుతుంది. ఇక్కడ ఈ పని అందానికి మాత్రమే కాదు, జాలీలోంచే కదా వాసన బయటికి రావాలి! యెమెన్ యూదులు ఇందులో ఘనులు. 1906లో బోరిస్ షాట్జ్ జెరూసలెంలో బెజలేల్ కళాశాల పెట్టినప్పుడు వాళ్లను పిలిచి పనిచేయించాడు.

ఇదే తీగపని కరీంనగర్‌లో ఉంది. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి అత్తరుదానులను చూసినప్పుడల్లా నాకు ఈ భరిణెలే గుర్తొస్తాయి. ఇంకో దగ్గరిదారి కూడా ఉంది. పశ్చిమాసియా యూదుల్లో కొందరు లవంగాలకు బదులు పన్నీరు చిలకరించి హవ్దాలా చేసుకునేవారు. మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర పట్టుకు నిలబడే పన్నీరు బుడ్డిని ఏ మార్పూ లేకుండా అందుకు వాడుకోవచ్చు. వెండి అక్కర్లేదంటే ఏ ఆటోనగర్ వర్క్‌షాపులోనైనా లేత్ మీద ఇత్తడి కడ్డీని తిప్పి, మూతకు నాలుగు కన్నాలు డ్రిల్ చేసినా చెల్లుతుంది. కొవ్వొత్తి మరీ తేలిక: కిరాణా కొట్లో రెండు కొని, వెలిగించి, మంటలు కలిసేలా దగ్గరగా పట్టుకుంటే సరి.