తొంభై ఒక్క రోజుల అప్పు

చెన్నై నగరంలోని పురసవాక్కం బట్టల దుకాణాలకూ, నగల దుకాణాలకూ పేరుపొందిన పేట. అక్కడి తెలుగు కుటుంబాలకు చీటీ పాట కొత్త విషయం కాదు. ఇరవైమంది నెలకు అయిదేసి వేల రూపాయలు వేసుకొంటే చీటీ మొత్తం లక్ష రూపాయలవుతుంది. ఆ నెలలో డబ్బు అవసరమైనవారు పాట పాడుతారు. ఎవరు ఎక్కువ మొత్తం వదులుకోవడానికి సిద్ధపడితే చీటీ వారిదే. కూతురి కళాశాల రుసుముకు గడువు దగ్గరపడిన తండ్రి పద్దెనిమిది వేలు వదులుకొని ఎనభై రెండు వేలు తీసుకోవచ్చు. ఆ పద్దెనిమిది వేలు ఆయన తన అవసరానికి చెల్లించే వెల.

కుటుంబాలకే కాదు, ప్రభుత్వానికి కూడా ఇటువంటి అవసరాలు కలుగుతాయి. పన్నుల రాబడి ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. జీతాలు, పింఛన్లు మాత్రం నెలనెలా చెల్లించక తప్పదు. ఈ లోటును పూడ్చుకోవడానికి కేంద్రప్రభుత్వం కొద్దికాలానికి అప్పు తీసుకొని ఇచ్చే పత్రాలను ట్రెజరీ బిల్లులు అంటారు. మన దేశంలో వీటిని మొదటిసారిగా 1917లో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జారీచేశారు. ఇప్పుడు ఇవి 91, 182, 364 రోజుల గడువులతో వెలువడుతున్నాయి. ప్రభుత్వం తరఫున రిజర్వు బ్యాంకు సాధారణంగా ప్రతి బుధవారం వీటిని వేలం వేస్తుంది.

ట్రెజరీ బిల్లుకు వడ్డీ విడిగా ఇవ్వరు. వంద రూపాయల బిల్లును వందకంటె తక్కువకు అమ్మి, గడువు తీరిన రోజున పూర్తిగా వంద రూపాయలు చెల్లిస్తారు. 91 రోజుల బిల్లును 98 రూపాయల 40 పైసలకు కొన్నవారికి 1 రూపాయి 60 పైసలు లాభం. దానిని ఏడాదికి లెక్కిస్తే రాబడి సుమారు 6.52 శాతం అవుతుంది.

చీటీ పాటలో పాడేది డబ్బు కావలసినవారు. ఇక్కడ పాడేది డబ్బు ఇచ్చేవారు. బ్యాంకులు, బీమా సంస్థలు మొదలైనవి తాము ఏ ధరకు ఎంత కొనదలచుకొన్నదీ తెలుపుతాయి. ఎక్కువ ధర ఇచ్చేవారికే మొదటి అవకాశం. ఎందుకంటే ధర ఎక్కువైతే ప్రభుత్వం మోసే వడ్డీ భారం తక్కువవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రభుత్వానికి 1,000 కోట్ల రూపాయలకు బిల్లులు అమ్మవలసి ఉన్నదనుకొందాం. ఒకరు 98.45 ధరకు 400 కోట్లకు, మరొకరు 98.42కు 300 కోట్లకు, ఇంకొకరు 98.40కి 600 కోట్లకు, నాలుగవవారు 98.36కు 500 కోట్లకు పాడారు. మొదటి ఇద్దరికీ అడిగినంతా దొరుకుతుంది. మిగిలినవి 300 కోట్ల బిల్లులే. కనుక మూడవవారికి అడిగినదానిలో సగమే వస్తుంది. నాలుగవవారికి ఏమీ రాదు. పాట ఆగిన 98.40ని కటాఫ్ ధర అంటారు. గెలిచినవారు ఎవరు పాడిన ధర వారే చెల్లిస్తారు. అదే రోజున రిజర్వు బ్యాంకు ఎన్ని పాటలు వచ్చాయో, ఎంత ఆమోదించిందో, కటాఫ్ ధర ఎంతో, దానిపై రాబడి ఎంతో ప్రకటిస్తుంది.

పూర్వం ఈ పద్ధతి ఇంత బహిరంగంగా లేదు. 1955 నుంచి, ఖజానాలో నిల్వ తగ్గినప్పుడల్లా ప్రభుత్వం రిజర్వు బ్యాంకుకే 'అడ్‌హాక్' ట్రెజరీ బిల్లులు ఇచ్చి డబ్బు తీసుకొనేది. 1974 నుంచి వాటిపై వడ్డీ 4.6 శాతమే. బజారులో వడ్డీలు ఎంత పెరిగినా అది మారలేదు. ఆ డబ్బు ఎవరూ పొదుపు చేసినది కాదు, కొత్తగా సృష్టించినది. సరుకులు పెరగకుండా డబ్బు మాత్రమే పెరిగితే ధరలు పెరుగుతాయి. అప్పుడు అదే డబ్బుతో అంగడికి వెళ్లిన ఇల్లాలి సంచి సగమే నిండుతుంది. 1994 సెప్టెంబరులో ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు ఒక ఒప్పందం చేసుకొన్నాయి. దాని ప్రకారం 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ బిల్లులకు స్వస్తి చెప్పారు. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు సి. రంగరాజన్. అదే ఏడాది ఆయన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గవర్నరు అయ్యారు. ఆనాటి నుంచి రిజర్వు బ్యాంకు వద్ద ప్రభుత్వం తీసుకొనే తాత్కాలిక బదుళ్లకు పరిమితి ఏర్పడింది. అంతకు మించిన అప్పుకోసం ప్రభుత్వం కూడా బజారులో నిలబడి అడగవలసిందే.

2021 నవంబరు నుంచి సామాన్యులు కూడా రిజర్వు బ్యాంకువద్ద నేరుగా ఖాతా తెరచి, పదివేల రూపాయలతో ఈ బిల్లులు కొనవచ్చు. వీరు ధర పాడనక్కరలేదు. వేలంలో తేలిన సగటు ధరకే వీరికి బిల్లులు లభిస్తాయి.

చీటీ పాట ముగిసిన రోజున "పాట ఎంతకు పోయింది?" అని సభ్యులందరూ అడుగుతారు. ఆ నెల పాడనివారు కూడా అడుగుతారు. తమకు వచ్చే భాగం దానిమీదనే ఆధారపడి ఉంటుంది కదా! ప్రభుత్వం చెల్లించే వడ్డీలో మన పన్నుల డబ్బు ఉన్నది. కనుక బుధవారంనాటి పాట ఎంతకు పోయిందో తెలుసుకోవడం ప్రతి పౌరునికీ అవసరం.