ఆపరేటర్ అనే పిలవండి

సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే మేం ఊళ్లో కొందరికి 'బొమ్మ వేసేవాళ్లం'. జీతాల పుస్తకంలో మాత్రం ఆపరేటర్లం. పరీక్ష రాసి తెచ్చుకున్న సర్కారు లైసెన్సును నేను ఫ్రేము కట్టించి క్యాబిన్ గోడకు తగిలించాను.

ప్రొజెక్టర్‌లో కార్బన్ కడ్డీలు మండించి వెలుగు తెచ్చే రోజుల్లో పనంతా చేతి మీదే నడిచేది. కడ్డీలు కాలి అరిగేకొద్దీ వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి, లేదంటే తెర మీద వెలుగు తగ్గిపోతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 2,000 అడుగుల స్పూలు 22 నిమిషాల్లో అయిపోతుంది. చివర్లో తెర కుడి పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. వెంటనే రెండో మెషీన్ మోటారు వేయాలి. సుమారు 7 సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడే ఆటను ఆ మెషీన్ మీదికి మార్చాలి. డైలాగు తెగకుండా, హాల్లో ఒక్కరికీ తెలియకుండా మార్చగలిగినవాడే నా దృష్టిలో ఆపరేటరు. రీళ్లు చుట్టే కుర్రాడు అది ఒంటిచేత్తో చేసేదాకా అసిస్టెంటే.

ఇప్పుడంతా డిజిటల్. సర్వర్లో ప్లేలిస్టు పెడితే ఆట నడుస్తుంది, నిజమే. కానీ ఫోకసు, సౌండు, లెన్సు మీద దుమ్ము చూడ్డానికి మనిషి కావాలి కదా! అందుకే మా హాల్లో కొత్త పిల్లల పేర్ల పక్కన కూడా ఆపరేటర్ అనే రాయించాను.