కందకుర్తి మీదుగా లాంకాస్ట్రియన్

మా హాస్టల్ రూములో మంచం కింద ఒక బూట్ల డబ్బా ఉంది. అందులో హైదరాబాద్ సంస్థానపు వైమానిక దళం ఉంది. మొత్తం బలం నాలుగు విమానాలు. ఒకదానికి రెక్క విరిగింది.

చరిత్రలో అలాంటి దళం లేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చినప్పుడు నిజాం దగ్గర ఒక్క యుద్ధ విమానం కూడా లేదు. ఇటువైపు నుంచి టెంపెస్ట్ ఫైటర్లు వచ్చి ఎయిర్‌ఫీల్డ్‌ల మీద బాంబులు వేశాయి. వాటికి ఎదురు ఎగిరేది ఏదీ లేకపోయింది. 17వ తేదీ సాయంత్రానికి కథ ముగిసింది. మరి ఉండి ఉంటే? ఈ ప్రశ్న పట్టుకుని చిన్న విమానాలు చేసి, రంగులేసి, టేబుల్ మీద గళ్ళ షీటు పరిచి పాచికలతో ఆడే ఆట గురించే ఈ వ్యాసం. దీన్ని 'వాట్-ఇఫ్' మోడలింగ్ అంటారు. అమెరికా ముక్కలైపోయిందని ఊహించి 1998లో 'క్రిమ్సన్ స్కైస్' అనే బోర్డ్ గేమ్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధపు విమానాలకైతే 'చెక్ యువర్ సిక్స్', 'బ్లడ్ రెడ్ స్కైస్' లాంటి రూల్స్ పుస్తకాలు ఉన్నాయి. మేం వాటి నుంచి కొంచెం కొంచెం తీసుకుని మా లెక్కలు మేం రాసుకున్నాం.

ఇందులో అందరూ మొదట చేసే తప్పు నేనూ చేశాను. స్పిట్‌ఫైర్ కొని, పసుపు రంగు కొట్టి, "ఇదిగో నిజాం విమానం" అన్నాను. చూసినవాళ్ళు నవ్వారు. అది విమానంలా లేదు, స్కూల్ బస్సులా ఉంది. అప్పుడు తెలిసింది ఏంటంటే, ఊహ ఎంత పెద్దదైతే దాని కింద ఉండే నిజం అంత గట్టిగా ఉండాలి. ఈ విమానం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు నడిపారు, పెట్రోల్ ఎవరు పోశారు, పాత గుర్తుల మీద రంగు ఎవరు కొట్టారు? వీటికి జవాబు లేకుండా బ్రష్ ముట్టుకోవద్దు.

నిజం వెతికితే మస్తు దొరికింది. మాది కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. అట్లాస్‌లో కరాచీ నుంచి వరంగల్‌కి స్కేలు పెట్టి గీత గీయండి. దాదాపు మా ఊరి మీదుగానే పోతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 1948లో భారత ప్రభుత్వం సంస్థానానికి సరుకులు రాకుండా చుట్టూ దిగ్బంధం పెట్టినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట బీదర్, వరంగల్ వైపు ఆయుధాలు మోశాడు. అసలు పైలట్లు సరిగ్గా ఆ గీత మీదే వచ్చారని నేననడం లేదు. కానీ వెన్నెల రాత్రి పైనుంచి చూస్తే మూడు నదులు కలిసే చోటు కంటే మంచి గుర్తు ఏముంటుంది? మా ఆట బోర్డు మధ్యలో అందుకే త్రివేణి సంగమం ఉంది.

కాటన్ వాడిన విమానం పేరు ఆవ్రో లాంకాస్ట్రియన్. తమాషా ఏంటంటే అదే ఒక కన్వర్షన్. లాంకాస్టర్ అనే బాంబర్‌కి తుపాకీ గూళ్ళు తీసేసి, ముందూ వెనకా మూతులు సన్నగా చెక్కి, ప్రయాణికుల విమానం చేశారు. అంటే కంపెనీ చేసిన పనినే మనం హాస్టల్ టేబుల్ మీద చేస్తున్నాం.

పని ఇలా. 1/144 స్కేల్ లాంకాస్టర్ కిట్ తీసుకోండి. అసలు విమానం రెక్కల పొడవు 31 మీటర్లు, కాబట్టి మోడల్‌లో ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు వస్తుంది. 1/72 తీసుకుంటే 43 సెంటీమీటర్లు. ఆ ఒక్క విమానమే సగం బోర్డు తింటుంది. ముక్కలు అతికించకముందే ముందు గూడు, వెనక గూడు, వీపు మీది గూడు హ్యాక్సా బ్లేడుతో కోసేయండి. లాంకాస్ట్రియన్ లాంకాస్టర్ కంటే రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ పొడవు. మన స్కేల్‌లో అది ఒకటిన్నర సెంటీమీటరు, ముక్కుకీ తోకకీ కలిపి. కోసిన చోట పెన్ను రీఫిల్ ముక్క గుచ్చి, దాని చుట్టూ ఎం-సీల్ పెట్టండి. వేళ్ళు తడి చేసుకుని కోన్ ఆకారం తేవాలి. రాత్రంతా వదిలేసి పొద్దున వాటర్ పేపర్‌తో రుద్దాలి. మొదట 220, తర్వాత 400, చివర 800, నీళ్ళు పోస్తూ. బైకు డెంటింగ్ షాపులో అన్న ఎలా చేస్తాడో ఒకసారి నిలబడి చూడండి, ఏ వీడియో కంటే బాగా అర్థమవుతుంది. నేను మూడుసార్లు చెడగొట్టాను. మొదటి ముక్కు వంకాయలా వచ్చింది.

రెండు జాగ్రత్తలు. గోళ్ళ రంగు తుడిచే రిమూవర్ ప్లాస్టిక్ మీద పడనివ్వకండి, కరిగిపోతుంది. కాక్‌పిట్ అద్దానికి ఫెవిక్విక్ వాడకండి, ఆవిరికి తెల్లగా మసకబారుతుంది. మామూలు ఫెవికాల్ చాలు, ఎండితే పారదర్శకంగా అవుతుంది.

ఇక రంగు. ఇక్కడ కాటన్ కథ ఇంకోటి చెప్పాలి. ఈయన ఆయుధాలు మోసినవాడిగానే కాదు, విమానాలకు రంగు వేసినవాడిగా కూడా చరిత్రలో ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటిష్ గూఢచర్య ఫొటోల పని ఆయనదే. స్పిట్‌ఫైర్ల తుపాకులు పీకేసి, కెమెరాలు పెట్టి, సందులన్నీ పూడ్చి నునుపు చేసి, లేత పచ్చ-నీలం రంగు కొట్టించాడు. ఆ రంగుకు కామోటింట్ అని పేరు పెట్టాడు. హెస్టన్‌లో జోధ్‌పూర్ మహారాజా విమానం ఎగిరిన కాసేపటికే ఆకాశంలో కలిసిపోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ఒక సంస్థానాధీశుడి విమానం నుంచి నేర్చుకున్న రంగు, పదేళ్ళ తర్వాత ఇంకో సంస్థానం కోసం ఎగిరిన విమానానికి వేస్తే? మా ఆటలో దిగ్బంధం బిగిసి, కాటన్ పగటిపూట కూడా రావాల్సి వచ్చింది. కాబట్టి నా లాంకాస్ట్రియన్ పైన మెరిసే అల్యూమినియం, కింద కామోటింట్. తెలుపు పది చుక్కలు, ఆకుపచ్చ ఒకటి, నీలం సగం చుక్క. కుంచెతో వేస్తే చారలొస్తాయి. నీళ్ళు కలిపి పలచగా మూడు నాలుగు పూతలు వేయండి, ఒక్కోటీ ఎండాక. వెండి రంగుకు కింద నిగనిగలాడే నలుపు ఉంటేనే లోహంలా కనిపిస్తుంది. బండి షాపులో దొరికే స్ప్రే వాడితే దూరం నుంచి తేలికగా కొట్టండి. తడిసేలా కొడితే ప్లాస్టిక్ మీద పగుళ్ళు లేస్తాయి. కిట్ చట్రం ముక్క మీద ముందు పరీక్షించి చూడండి.

చివరగా చక్రాల మట్టి. ఎవరూ పట్టించుకోరు గానీ నాకు అదే ఇష్టం. బీదర్‌లో దిగిన విమానానికి ఎర్ర మట్టి అంటాలి, అక్కడిది ఎర్రరాతి నేల. బోధన్ చెరుకు పొలాల్లో అత్యవసరంగా దిగితే నల్లరేగడి. ఊరి నుంచి తెచ్చిన రేగడిని పొడి చేసి, జల్లెడ పట్టి, మ్యాట్ వార్నిష్‌లో కలిపి అద్దాను.

ఇక ఫైటర్. దీనికీ నిజమైన ఆధారం ఉంది. నిజాం యుద్ధాలకు ఇచ్చిన డబ్బు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 'హైదరాబాద్' పేరుతో స్క్వాడ్రన్లు ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో డీహెచ్ 9ఏ విమానాల 110వ స్క్వాడ్రన్, రెండోదానిలో స్పిట్‌ఫైర్ల 152వ స్క్వాడ్రన్. ఈ 152 చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. బర్మాలో వీళ్ళ స్పిట్‌ఫైర్ 8ల పక్కన గుండ్రటి గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకున్నారు. నా ఊహ ఏమిటంటే, యుద్ధం అయ్యాక తుక్కు రేటుకు అమ్ముడుపోయే వాటిలో ఓ డజను, తన పేరున్న స్క్వాడ్రన్‌వే, సంస్థానం కొనుక్కుంది.

ఇది మరీ అతి కాదు. కాన్పూర్‌లో అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్ళు వదిలేసి పోయిన లిబరేటర్ బాంబర్లను హెచ్ఏఎల్ వాళ్ళు బాగుచేశారు. 1948లోనే మన వైమానిక దళం వాటిని ఎగరేసింది, 1968 దాకా వాడింది. కానీ వాళ్ళ వెనక బెంగళూరు ఫ్యాక్టరీ ఉంది. సంస్థానానికి ఉన్నది బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్. అక్కడి మెకానిక్కులకు తెలిసింది డకోటా ఇంజన్, గాలితో చల్లబడేది. స్పిట్‌ఫైర్‌ది మెర్లిన్, ద్రవంతో చల్లబరచాలి. లాంకాస్ట్రియన్‌దీ మెర్లినే గానీ అదే రకం కాదు, అన్నదమ్ముల లాంటివి అంతే. కాబట్టి స్పేర్ పార్టులు కరాచీ నుంచి వచ్చే ప్రతి ట్రిప్పు మీద ఆధారపడాలి. కరాచీ నుంచి వరంగల్ ఒకవైపే 1,500 కిలోమీటర్లు. లాంకాస్ట్రియన్ వచ్చి, ఆగి పెట్రోల్ పోసుకోకుండా తిరిగి పోగలదు. స్పిట్‌ఫైర్ అలా వచ్చి తిరిగి పోలేదు, దానికి కాపలా పని ఇక్కడి నుంచే. ఆటలో హైదరాబాద్ ఆటగాడికి పెట్రోల్ టోకెన్లు ఆరే. మెకానికల్ బ్రాంచ్ వాళ్ళకు ఈ భాగం నచ్చుతుంది అనుకుంటా. నాకు ఆట మొత్తంలో నచ్చింది ఇదే. గెలుపు ఓటములు పైలట్ల చేతిలో లేవు, డ్రమ్ముల లెక్కలో ఉన్నాయి.

స్పిట్‌ఫైర్‌కు బర్మా రంగులే ఉంచాను, పచ్చ-గోధుమ మచ్చలు. పేద దళం విమానం మొత్తానికి రంగు మార్చదు. పాత నీలం-తెలుపు గుర్తుల మీద మాత్రం కొత్త పచ్చ రంగు పూస్తుంది, అక్కడ తేడా కనపడాలి. దాని పక్కన ఆసఫియా జెండా నుంచి తీసుకున్న గుర్తు: పసుపు వలయం, మధ్యలో తెల్ల కుల్చా. మాస్కింగ్ టేపుకు ఆఫీసు పంచింగ్ మెషిన్‌తో రంధ్రం కొడితే 6 మిల్లీమీటర్ల స్టెన్సిల్ రెడీ. తెల్ల చుక్క అగ్గిపుల్లతో. చిరుత మాత్రం కుక్కపిల్లలా వచ్చింది, క్షమించండి.

విమానాలు తయారయ్యాక మొదటి ఆటకి బోధన్ నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌ని పిలిచాను. హైదరాబాద్ వైపు ఆడమన్నాను. సరదాగానే అన్నాను. వాడు బోర్డు వంక కాసేపు చూశాడు. గోదావరి అవతల నేను 'నాందేడ్' అని రాసిన గళ్ళ మీద వేలు పెట్టి, "మా దాదీ వాళ్ళ ఊరు ఇక్కడ. ఇక్కడ బాంబు పడితే ఎన్ని పాయింట్లు?" అన్నాడు.

నా దగ్గర జవాబు ఉంది. మూడు పాయింట్లు. రూల్స్‌లో నేనే రాశాను. నోరు పెగల్లేదు.

వాళ్ళ దాదీ అన్నయ్య పోలీస్ చర్య తర్వాతి వారాల్లో ఇంటి నుంచి పోయి మళ్ళీ రాలేదట. తర్వాత నేను చదివాను. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ రిపోర్ట్ 2013 దాకా జనం చేతికి రాలేదు. మా ఊరి రేవులో నిలబడితే కనిపించే అవతలి ఒడ్డు అది.

ఆ ఆదివారం ఇంటికి పోయి నాయనమ్మను అడిగాను. అప్పుడామెకు ఏడెనిమిదేళ్ళు. "రజాకార్లు వస్తున్నరంటే రాత్రి రాత్రి చెరుకుల పండుకునేటోళ్ళం బిడ్డా. ఆకు కోసుకుపోయి ఒళ్ళంత మంట. దగ్గు వస్తే అమ్మ నోరు మూసేది" అన్నది. అదే ఏడాది ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఏం జరిగిందో పుస్తకాల్లో ఉంది. ఆమెకు పుస్తకంతో పని లేదు. నా విమానాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గింత తేలికున్నదేంది?" అని ఇచ్చేసింది.

ఆట మానేయాలా అని రెండు వారాలు ఆలోచించాను. మానలేదు. మేమిద్దరం కూర్చుని రూల్స్ మార్చాం. ఇప్పుడు బోర్డు మీద ఊళ్ళున్న గళ్ళన్నిటికీ పేర్లు ఉన్నాయి, కందకుర్తితో సహా. ఆ గడిలో ఎవరి బాంబు పడ్డా, గురి తప్పి పడినా సరే, ఆట అక్కడితో ఆగిపోతుంది, ఇద్దరూ ఓడినట్టే. దాంతో ఆట చాలా కష్టమైంది. టెంపెస్ట్ నడిపేవాడు రన్‌వే మీదికి దిగాలంటే పాచిక వేయకముందే పదిసార్లు లెక్కేసుకుంటాడు. ఒకసారి బీదర్ మీద దాడిలో వాడికి పాచిక మీద ఒకటి పడింది, బాంబు పక్క గడిలోకి పోయింది. డబ్బా మూసేసి టీకి పోయాం.

వాడు ఇప్పటికీ హైదరాబాద్ వైపు ఆడడు, టెంపెస్ట్‌లే తీసుకుంటాడు. వాటి రంగు కూడా వాడే వేశాడు, నాకంటే బాగా. ఇప్పుడు డకోటా మీద పని చేస్తున్నాం. కశ్మీర్ యుద్ధంలో మనవాళ్ళు డకోటా తలుపులోంచి చేత్తో బాంబులు దొర్లించారు కాబట్టి, ఆ తలుపు తెరిచి ఉంచాలని నా వాదన. మూసి, లోపల బియ్యం బస్తాలు పెట్టాలని వాడి వాదన. బస్తాలకు సరిపడే గోనెగుడ్డ 1/144లో ఎలా చేయాలో ఎవరికైనా తెలిస్తే మా రూముకు రండి.