బంగారు బీరుకు బార్లీ ఏది?

చెక్ దేశంలో పిల్సెన్ అనే వూరున్నది. ఉద్యోగరీత్యా అక్కడ కాపురముంటున్నాను. తాగుడు వాసన గిట్టని ఇంట పుట్టినవాడు బీరు గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కాని అక్కడ కొన్ని ఇళ్లలో అదొక వంట. మనం ఆవకాయకు మామిడికాయలు ఏరినంత శ్రద్ధగా వాళ్లు మాల్టు ఏరుతారు.

మాల్టంటే మరేమీ కాదు, మన రాగిమాల్టుకు దాయాదే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక ముదరకముందే వేడిగాలికి ఆరబెడతారు. గింజలోని పిండిని చక్కెరగా మార్చే శక్తి ఆ మొలకెత్తడంలోనే వస్తుంది.

ఈ వూరికొక కథ వున్నది. 1838లో ఇక్కడి బీరు పాడైపోతే, 36 పీపాలు పురమందిరం ముందు పారబోశారు. పౌరులు పట్టుదలతో కొత్త కార్ఖానా కట్టించి, బవేరియానుంచి యోసెఫ్ గ్రోల్‌ను రప్పించారు. 1842 అక్టోబరు 5న ఆయన కాచిన బీరు, అందరూ ఎరిగిన నల్లటి రంగులో కాక, బంగారు రంగులో వచ్చింది! ఇంగ్లీషు పద్ధతిలో, మాడకుండా ఆరబెట్టిన తెల్ల మాల్టు చలవే అది. వూరి మెత్తటి నీళ్లూ, జాటెట్స్ హాప్ పువ్వులూ దానికి తోడయ్యాయి.

మా పక్కింటి పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మనుమరాలి పెళ్లికి 20 లిటర్లు కాయాలన్నది ఆయన సంకల్పం. సొంత వాడకానికి కాచుకోవచ్చు, అమ్మకూడదు. అంత బీరుకు మాల్టు 4 కిలోల పైచిలుకు పడుతుంది. ఇందులో వేరే ధాన్యమేదీ కలవదు గనుక లోపాన్ని కప్పిపుచ్చేందుకు వీల్లేదు. పైగా బీరు చల్లని చోట వారాల తరబడి వూరాలి. గింజ మంచిదో కాదో పెళ్లినాడుగాని తేలదు!

అంగట్లో రెండు రకాలున్నాయి. ఒకటి, యంత్రాలలో మొలకెత్తించినది. ఇది లోపలిదాకా గుల్లబారి వుంటుంది. 65 డిగ్రీల వేడినీళ్లలో ఓ గంట వుంచితే చాలు, తీపంతా దిగుతుంది. రెండోది, పాతకాలంలోలాగా చల్లని గది నేలమీద పరచి, తిరగేస్తూ మొలకెత్తించినది. ఇది ఒక్కొక్కప్పుడు కాస్త గట్టిగా వుంటుంది. అలాంటప్పుడు నానిన మాల్టులో మూడోవంతు తోడి, విడిగా మరిగించి, తిరిగి కలపాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే చిక్కదనమూ, వేడి రొట్టెలాంటి కమ్మదనమూ వస్తాయి.

"ఎలా పోల్చుకుంటారు, తాతగారూ?" అన్నాను.

రెండు గింజలు నా చేతిలో వేశారు. "కొరికి చూడు బాబూ. కరకరలాడి పొడయితే గుల్లబారినట్టు. ఒక కొస రాయిలా తగిలితే మరిగించక తప్పదు."

ఆయన నేలమాల్టే కొన్నారు. పొడికొట్టినది చెమ్మ పీలుస్తుంది గనుక గింజలుగానే తెచ్చి, కాచే రోజున మరపట్టారు. కొడుక్కి మాత్రం మొదటి రకమే కొనమన్నారు. "వాడికున్నది ఒక్క సాయంత్రం. నాకు పగలంతా తీరికే" అన్నారు.

ఇదంతా తెలుసుకునేందుకే సుమండీ! మన రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం. కాని గింజ కొనేముందు తన పొయ్యినీ, తన తీరికనూ చూసుకోవాలన్న ఆ పెద్దాయన లెక్క ఏ వంటింటికైనా పనికివస్తుంది.