42 ముక్కల ప్రపంచం

అల్బేర్ లామోరిస్ ఫ్రెంచి సినిమా దర్శకుడు. ఓ పిల్లవాడి వెంట ఎర్ర బుడగ పారిస్ వీధులన్నీ తిరిగే ‘ది రెడ్ బెలూన్’ (1956) ఆయన తీసిందే. మరుసటి ఏడాది ఆయన తయారుచేసిన బోర్డు ఆట ఒకటి ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చింది. 1959లో అమెరికాలో పార్కర్ బ్రదర్స్ దానికి ‘రిస్క్’ అని పేరు పెట్టింది. ఆన్‌లైన్‌లో నేడు ఆడుతున్న ప్రపంచ జైత్రయాత్ర ఆటలు చాలావాటికి మూలపటం అదే.

ఆ పటంలో ఆరు ఖండాలు, 42 ప్రాంతాలు. ఇండియా మొత్తం ఒకే ముక్క. హైదరాబాదూ విజయవాడా అందులోనే సర్దుకోవాలి. అలాస్కా నుంచి కామ్చట్కాకు, బ్రెజిల్ నుంచి ఉత్తర ఆఫ్రికాకు సముద్రం మీదుగా గీతలుంటాయి. తన వంతు రాగానే ఆటగాడు తన ప్రాంతాల సంఖ్యను మూడుతో భాగిస్తాడు. భాగఫలం ఎంతో అన్ని కొత్త సైన్యాలు. ఎంత తక్కువైనా మూడు ఖాయం. ఖండం మొత్తం చేతిలో ఉంటే ఆపైన బోనస్.

కిటుకంతా ఆ బోనస్‌లోనే ఉంది.

ఆస్ట్రేలియాలో నాలుగు ప్రాంతాలు, బోనస్ 2. దక్షిణ అమెరికాకూ అంతే. కానీ ఆస్ట్రేలియాకు వాకిలి ఒక్కటే: సయాం నుంచి ఇండోనేషియాకు. దక్షిణ అమెరికాకు వెనిజులా, బ్రెజిల్ రెండూ కాపాడుకోవాలి. ఆసియా ఏకంగా 7 ఇస్తుంది. అయితే 12 ప్రాంతాలు గెలవాలి, అయిదు సరిహద్దులు కాయాలి. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఆస్ట్రేలియా మీద కన్నేసేది అందుకే. ఒక్క గీత తేడా వచ్చినా లెక్క మారిపోతుంది. తూర్పు ఆఫ్రికాను మధ్యప్రాచ్యంతో కలిపే గీత లేని బోర్డులూ అచ్చయ్యాయి. వాటిలో ఆఫ్రికాకు కాపలా మూడు చోట్ల కాదు, రెండు చోట్ల చాలు.

ఏ దాడిలో ఎవరు గెలిచారో తేల్చే పాచికలకూ పక్షపాతం ఉంది. సమానం పడితే గెలుపు కాచేవాడిదే. ఒకటికి ఒకటి వేస్తే దాడి చేసేవాడు నెగ్గేది సుమారు 42 శాతం సార్లే. మూడు పాచికలతో రెండింటి మీద పడితే మాత్రం మొగ్గు అతనివైపు తిరుగుతుంది: రెండు సైన్యాలూ కూల్చే అవకాశం 37 శాతం, రెండూ పోగొట్టుకునే అవకాశం 29 శాతం.

ఆన్‌లైన్‌లో పటానికి రెండు భాగాలు. ఆటగాడి కంటికి కనిపించేది బొమ్మ. కంప్యూటర్ చదివేది ఏ ప్రాంతం దేనికి పొరుగో చెప్పే జాబితా. బొమ్మలో ఎంత ఎత్తు కొండ గీసినా, జాబితాలో దారి ఉంటే సైన్యం దాటేస్తుంది. కాంకర్ క్లబ్ లాంటి వెబ్‌సైట్లలో ఆటగాళ్లే పటాలు తయారుచేస్తారు. అక్కడ రూపకర్తలు ముందుగా జడిసేది అంకెలకే.

36 ప్రాంతాల పటంలో ముగ్గురు దిగితే తలా 12. పన్నెండుకు నాలుగు సైన్యాలు. ఒక్కటి పోయినా మూడే. అంటే మొదట ఆడేవాడు చెరొక ప్రాంతం లాక్కుంటే, తక్కిన ఇద్దరూ తమ వంతు రాకముందే నష్టపోతారు. అదే 42 ముక్కల పటంలో తలా 14. మూడు ప్రాంతాలు పోతేగాని రాబడి తగ్గదు. 36నే ఉంచాలనుకుంటే రూపకర్త మూడు ప్రాంతాలను ఎవరికీ చెందని తటస్థ సైన్యాలకు వదిలేస్తాడు. అప్పుడు తలా 11, రాబడి 3. అది కనీస రాబడే కనుక ఎన్ని ప్రాంతాలు పోయినా అంతకు తగ్గదు. ఆ తటస్థ ముక్కలు మూడూ ఎక్కడుండాలన్నది తర్వాతి ప్రశ్న. చాలా సులువుగా చిక్కే ఖండంలో ఒకటి పెడితే, అక్కడి బోనస్ మొదటి వంతులోనే ఎవరి చేతికీ పోదు.