సొట్ట తీస్తే... విలువ పోతుంది!

రంగు వెలిసిపోయింది. అక్కడక్కడా తుప్పు పట్టింది. ఒంటి మీద సొట్టలూ గీతలూ. అలాంటి కారు మన వీధిలో ఆగి ఉంటే 'ఎవరిదండీ ఇది, తీయించరూ' అంటాం. 2020 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం కిసిమ్మీలో అదే కారును వేలం వేశారు. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. ఫీజులు కలిపితే 37.4 లక్షలు. అప్పటి లెక్కన మన డబ్బులో 26 కోట్ల రూపాయల పైమాటే!

ఇంతకీ ఏమిటా కారు? 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. అదే ఏడాది వచ్చిన 'బుల్లిట్' సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల రోడ్ల మీద నడిపిన ముదురాకుపచ్చ బండి. దాదాపు 11 నిమిషాలు సాగే ఆ ఛేజింగ్‌ను హాలీవుడ్ ఇప్పటికీ చెప్పుకుంటుంది. సినిమా అయ్యాక కారు చేతులు మారింది. 1974లో న్యూజెర్సీకి చెందిన ఓ బీమా ఉద్యోగి పత్రికలో ప్రకటన చూసి 6 వేల డాలర్లకు కొన్నాడు. ఆయన భార్య టీచరు. ఆవిడ రోజూ బడికి వెళ్లింది అందులోనే! 1977లో మెక్వీన్ స్వయంగా 'నా కారు నాకు ఇచ్చేయండి' అని ఉత్తరం రాసినా ఆ ఇంటాయన ఇవ్వలేదు. 1980లో క్లచ్ పోవడంతో బండి షెడ్డెక్కింది. అది ఎక్కడుందో బయటివాళ్లకు తెలియకుండానే ఏళ్లు గడిచిపోయాయి.

తండ్రీకొడుకులిద్దరూ దాన్ని కొత్తదానిలా చేయాలనే అనుకున్నారు. 2014లో తండ్రి పోయాడు. కొడుకు ఇంజిన్ తిరిగేలా చేశాడే కానీ, రంగు జోలికి వెళ్లలేదు. అదే కలిసొచ్చింది. షూటింగ్‌లో కెమెరా బిగించడానికి కారు అడుగున వెల్డింగ్ చేసిన గుర్తులు చెక్కుచెదరలేదు. 'సినిమాలో నడిచింది ఇదే' అని సాక్ష్యం చెప్పినవాటిలో అవీ ఉన్నాయి. ఏ మంచి టింకరింగ్ మేస్త్రీ చేతికో ఇచ్చి ఉంటే మొదట గీకి పారేసేది వాటినే.

కండలు పెరిగిన కథ

అన్ని కార్లకూ సినిమా అదృష్టం ఉండదుగా. పశువుల కొట్టాల్లో, గడ్డిమోపుల వెనక తుప్పు పట్టిన వాటిని మళ్లీ నిలబెట్టాల్సిందే. వాటికీ ఇంత గిరాకీ ఎందుకో తెలియాలంటే 1964కి వెళ్లాలి. మధ్యస్థ సైజు కారులో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ నిబంధన. ఆ సంస్థకే చెందిన పాంటియాక్ విభాగంలో ఛీఫ్ ఇంజినీరు జాన్ డిలోరియన్ బృందం చిన్న కిటుకు కనిపెట్టింది. కొత్త కారుకైతే పైవాళ్ల అనుమతి కావాలి. ఉన్న కారుకు 'అదనపు సదుపాయం' అంటే అడిగేదెవరు? టెంపెస్ట్ అనే సాదాసీదా బండిలో 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్... మన లెక్కలో 6.4 లీటర్లు... బిగించి, 'జీటీఓ' అని పేరు పెట్టి, సుమారు 295 డాలర్లు అదనంగా తీసుకున్నారు. 5 వేలు అమ్మితే గొప్ప అనుకుంటే తొలి ఏడాదే 32,450 పోయాయి! ఆ తర్వాత ప్రతి కంపెనీదీ అదే దారి. 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్'లో మన కుర్రకారు చూసి మురిసిన నల్లటి 1970 డాడ్జ్ ఛార్జర్ కూడా ఈ 'మజిల్ కార్ల' వంశానిదే.

సందడి పదేళ్లు కూడా సాగలేదు. బీమా ప్రీమియంలు పెరిగాయి. పొగ మీద చట్టాలొచ్చాయి. 1973లో చమురు సంక్షోభం మిగిలిన పని పూర్తి చేసింది. చివరి రోజుల్లో కొన్ని రకాలను వేళ్లమీద లెక్కపెట్టేటన్నే చేశారు. హెమీ ఇంజిన్‌తో 1971లో తయారైన ప్లిమత్ కుడా కన్వర్టిబుళ్లు మొత్తం 11. వాటిలో ఒకటి 2014లో 35 లక్షల డాలర్లు పలికింది.

సీటు కింద జాతకం

ఇంత డబ్బు ఉన్నచోట దొంగలూ ఉంటారు. మామూలు కారు కొని, పెద్ద ఇంజిన్ పెట్టి, అసలుదని అమ్మేవాళ్లకు కొదవలేదు. అందుకే కొనేవాడు మొదట అడిగే మాట 'నంబర్లు కలుస్తాయా?' అని. 1968 తర్వాతి కార్లలో ఛాసిస్ నంబరులోని కొంత భాగం ఇంజిన్ మీదా ఉంటుంది. రెండూ ఒకటైతే పుట్టినప్పటి గుండె ఆ ఒంట్లోనే ఉన్నట్టు. ఆ నంబరునూ చెరిపి కొత్తగా పొడిచే ఘనులున్నారు. వాళ్లను పట్టుకోవడానికి నిపుణులు భూతద్దంతో చూసేది అంకెలను కాదు, వాటి వెనక లోహం మీద ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నటి గీతలను!

కార్బురేటర్, ఆల్టర్నేటర్, చివరికి అద్దం మీద కూడా తయారీ తేదీ సంకేతాలుంటాయి. ఫిబ్రవరిలో పుట్టిన కారులో మార్చిలో చేసిన ఆల్టర్నేటర్ ఉందంటే, అది మధ్యలో వచ్చి చేరిందనే. అన్నింటికన్నా విలువైనది ఫ్యాక్టరీలో ఏ కారుకు ఏమేం బిగించాలో రాసి పంపిన కాగితం. పనివాళ్లు దాన్ని తీసి పారేయక సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు మీదో వదిలేసేవారు. కారు జాతకమంతా అందులోనే. ఎలుకలు తినకుండా మిగిలితే యజమాని పంట పండినట్టే.

ఇక విడిభాగాలు. ఆ కాలంలోనే తయారై, అమ్ముడుపోక డబ్బాలోనే ఉండిపోయిన సరుకుకు 'ఎన్‌వోఎస్' అని పేరు. దానికోసం మూతపడ్డ డీలర్ల గోదాములు గాలిస్తారు. దొరక్కపోతే నకళ్లు. విచిత్రమేమిటంటే, ఫ్యాక్టరీ చేసిన తప్పుల్ని కూడా మళ్లీ చేయాలి. అప్పట్లో రంగు హడావుడిగా కొట్టేవారు. కింద కారిన చారలుండేవి. పరీక్షించిన వాళ్లు సుద్దతో టిక్కులు పెట్టేవారు. వాటన్నిటినీ అచ్చంగా గీయాలి. అద్దంలా మెరిసే నేటి పెయింటు కొట్టిస్తే పోటీల్లో జడ్జీలు మార్కులు తగ్గిస్తారు. మన ఊళ్లో ఏ పెయింటరైనా ఇది వింటే తల పట్టుకుంటాడు.

లోపల మాత్రం కొంత రాజీ తప్పదు. నాటి ఇంజిన్లు సీసం కలిపిన పెట్రోలుకు అలవాటు పడ్డవి. ఇప్పుడది లేదు కాబట్టి గట్టి లోహంతో చేసిన వాల్వ్ సీట్లు వేయిస్తారు. బయటికి కనిపించవుగా!

టైరు దగ్గర తిరకాసు

ఇంజిన్ని అరవై ఏళ్లయినా బతికించొచ్చు. రబ్బరును బతికించలేం. గదిలో దాచినా గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతున్నా, వేగంలో ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. కారుతోపాటు వచ్చిన అసలు టైర్లు ఇంకా ఉంటే, వాటిని ప్రదర్శనలకే వాడతారు. ట్రక్కు మీద మోసుకొచ్చి, మైదానంలో నాలుగడుగులు దొర్లించి, మళ్లీ ట్రక్కెక్కిస్తారు. రోడ్డు మీద తిరగడానికి వేరే సెట్టు.

వేరేవి అంటే ఏవో వేస్తే కుదరదు. తొలి జీటీఓకు పక్కన ఎర్ర చార ఉన్న టైర్లు అందం. 1970 నాటికి తెల్లటి ఉబ్బెత్తు అక్షరాల టైర్లు వచ్చాయి. కొలతల భాషా వేరే. 'ఎఫ్70-14' అని ఉంటే, 'ఎఫ్' అది మోసే బరువును బట్టి పెట్టిన అక్షరం, ఎత్తు వెడల్పులో 70 శాతం, చక్రం 14 అంగుళాలు. ఇవాళ్టి షాపులో ఆ కొలత చెబితే కుర్రాడు మన మొహంకేసి చూస్తాడు.

అందుకే వీటికో ప్రత్యేక పరిశ్రమ ఉంది. టెన్నెసీలో 1958లో మొదలైన కోకర్ టైర్ లాంటి సంస్థలు ఫైర్‌స్టోన్, బీఎఫ్ గుడ్రిచ్ పేర్లతో, అవే అక్షరాలతో, అవే గాళ్లతో పాత టైర్లను కొత్తగా చేస్తున్నాయి. అచ్చు చూస్తే తేడా తెలియదు. పక్కనున్న తయారీ వారం, ఏడాది అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

పాత పద్ధతి టైర్లలో దారాల పొరలు ఒకదాన్నొకటి ఏటవాలుగా కోస్తూ ఉంటాయి. ఇప్పటి రేడియల్స్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా వెళతాయి. నడిపితే ఆ తేడా స్టీరింగులో తెలుస్తుంది. రోడ్డు మీద గాడి కనిపిస్తే చాలు, పాత టైరు దానివెంట పోతానంటుంది. నైలాన్ దారాలతో చేసినవైతే రాత్రంతా నిలబడ్డచోట చదునెక్కి, పొద్దున్నే మొదటి కొన్ని మైళ్లు దడదడలాడతాయి. పాత రూపంలోనే ఉండి లోపల రేడియల్ అయిన టైర్లూ వచ్చాయి. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవాళ్లకు అవే మేలని నాకనిపిస్తుంది. 'ఆ దడదడ లేకపోతే కారెందుకు?' అనే వీరాభిమానులు ఒప్పుకోరనుకోండి.

షికాగో పక్కనే రోజ్‌మాంట్‌లో 2009లో మొదలైన ఈ కార్ల జాతర నవంబరులో జరుగుతుంది. సుద్ద టిక్కులతో సహా ముస్తాబైన బండ్లను జడ్జీలు టార్చిలైట్లతో వంగి చూస్తుంటారు. అదే హాల్లో, కొట్టాల్లో దొరికినవాటిని దొరికినట్టే నిలబెట్టిన వరుస ఒకటుంటుంది. వాటి మీద దుమ్ము కూడా దులపరు.