పాత ఇనుము యార్డు పెంచే ముందు

మన దాతల్లో పాత ఇనుము వ్యాపారం చేసే సోదరులు చాలామంది. యార్డు చాలక పక్క స్థలం కొనాలనుకునేవారు మా వంటి బడిపంతుళ్ల దగ్గరికి కాగితాలు చదివించుకోవడానికి వస్తుంటారు. మేము తరచూ చూసే పొరపాటు ఒకటే: నాలా కన్వర్షన్ అయింది గనుక ఇక అడ్డు లేదనుకోవడం.

నాలా అంటే 2006 నాటి చట్టం కింద వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం. అది రెవెన్యూ వారి పని. అక్కడ పరిశ్రమ పెట్టవచ్చా అన్నది మాస్టర్ ప్లాన్ చెబుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల చాలా గ్రామాలకు 2013లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఎండీఏ ప్లాన్ చూడాలి. స్థలం నివాస జోన్‌లో ఉంటే భూవినియోగ మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ప్రజల అభ్యంతరాలు పిలుస్తారు, రుసుము కట్టాలి, జీవో రావాలి.

అభ్యంతరాల దగ్గరే మనవాళ్లు తేలిగ్గా ఉంటారు. రాత్రిపూట ఇనుము దించే చప్పుడు, కేబుల్ తొక్క కాల్చిన పొగ, బ్యాటరీల యాసిడ్... ఇరుగుపొరుగు చెప్పేవి ఉత్త మాటలు కావు. మా బడి పిల్లలూ ఆ పొగ పీల్చినవాళ్లే. నోటీసు పడకముందే వాళ్ల ఇళ్లకు వెళ్లండి. గోడ ఎంత ఎత్తు కడతారో, లారీలు ఏ వేళ వస్తాయో చెప్పండి, చెప్పినట్టే నడపండి.

విస్తరణకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మళ్లీ తీసుకోవాలి. పాత యార్డుకు ఉన్నది చాలదు.

బయానా ఇవ్వకముందే సర్వే నంబరుతో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. మాకు తెలిసిన ఒకాయన ఇచ్చాక తెచ్చుకున్నారు. సగం స్థలం చెరువు బఫర్‌లో తేలింది. షెడ్డు వేయాలనుకున్న చోట ఇప్పుడు గేదెలకు గడ్డి పెంచుతున్నారు.